తీపి ఎంత వేశావు, అక్కా

గచ్చిబౌలి,
జూన్ 9.

భూలక్ష్మి అక్కకు,

నిన్న మనిద్దరం ఫోన్‌లో అరుచుకున్నది విని మీ మరిది, "నువ్వూ వదినా ఇక మాట్లాడుకోకండి, ఏదైనా ఉంటే రాసుకోండి" అన్నారు. వెటకారంగానే అన్నారు కానీ నాకది సబబుగా తోచింది. ఈమధ్య ఫోన్ మోగితే చాలు, కస్టమర్ అనుకుని ఒళ్లు మండిపోతోంది. ఆ మంటలోనే నీతో మాట్లాడుతున్నాను. అందుకని రోజూ నీ డబ్బాలు తెచ్చే రాములు బండి మీద వెనక్కి తీసుకెళ్లే ఖాళీ డబ్బాలో ఈ కాగితం పెడుతున్నాను. నువ్వు కూడా జవాబు నిండు డబ్బా మూత మీద రబ్బరు బ్యాండు వేసి పంపు.

ఏడాదిన్నర కిందట కంపెనీ మా టెస్టింగ్ టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపినప్పుడు, "నీకు నలుగురు తెలుసు, నాకు ఖుబానీ వండుడు తెలుసు, ఇగ ఫికర్ ఎందుకే" అన్నది నువ్వే. నువ్వు మూసాపేటలో ఖుబానీ కా మీఠా వండి పంపుతావు. నేనిక్కడ కేకు ముక్క మీద దాన్ని పరిచి, పైన మీగడ వేసి, చిన్న కప్పుల్లో పెట్టి ఆఫీసులవాళ్లకు అమ్ముతాను. చెప్పుకోవడానికి ఎంత సులువుగా ఉందో చూడు.

సోమవారం ఒకావిడ పన్నెండు కప్పులు తెప్పించుకుంది. పదకొండు తిన్నాక, ఇందులో గుడ్డు ఉందా అని అడిగింది. ఒకాయనకు చక్కెర తక్కువ కావాలి, కానీ తక్కువైనట్టు తెలియకూడదట. ఇంకొకాయన కప్పు మూత మీద తన టీమ్‌లోని పద్నాలుగు మంది పేర్లూ రాయమన్నాడు. మూత నా అరచేతిలో సగం కూడా ఉండదు. వీళ్లు చాలనట్టు మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి సీతారామయ్య గారు, డెలివరీ బండ్లు లోపలికి రాకూడదని గేటుకు నోటీసు అంటించారు. వానలో గొడుగు పట్టుకుని కప్పులు గేటు దాకా నేనే మోస్తున్నాను.

ఇవన్నీ ఎలాగో భరిస్తాను. కానీ ఈ వారం నలుగురు ఒకే మాట అన్నారు, ఖుబానీ గొంతు పట్టేసేంత తీపిగా ఉందని. అంతకుముందు వారం ఇద్దరు పుల్లగా ఉందన్నారు. నేను అడిగింది ఒక్క ప్రశ్న. దానికే నువ్వు ఫోన్ పెట్టేశావు. మళ్లీ అడుగుతున్నాను. తీపి ఎంత వేస్తున్నావు?

జయంతి

మూసాపేట,
జూన్ 11.

జయంతికి,

ఎంత వెయ్యాలో అంత వేస్తున్నాను.

మా నాయన దావతుల్లో వంట చేసేవాడు. నేను పదేళ్ల వయసు నుంచి ఆయన పక్కన కూర్చుని నానబెట్టిన ఎండు ఖుబానీ పండ్లలోంచి గింజలు తీసినదాన్ని. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఈ గల్లీలో పెళ్లయినా పురుడైనా ఖుబానీ నా చేతిదే. ఎవరూ నన్ను గరిటె లెక్క అడగలేదు. పండు ఒక లాటు తియ్యగా ఉంటుంది, ఒక లాటు పుల్లగా ఉంటుంది. బేగంబజార్ షావుకారు ఏది తూచి ఇస్తే అది వస్తుంది. అది కూడా నా తప్పేనా? మీ ఆఫీసుల్లో రోజంతా చల్లటి గదుల్లో కూర్చుని కాఫీ తాగితే నాలుక ఏమవుతుంది మరి.

నీకు కస్టమర్లతో ఎంత విసుగో నాకు నీ రాములుతో అంత విసుగు. పొద్దున ఏడింటికే గేటు ముందు హారన్ కొడతాడు. "జర జల్దీ ఇయ్యమ్మా, ఇంకో సవారీ ఉన్నది" అంటాడు. వేడి డబ్బా మూత పెడితే లోపల చెమ్మ పడుతుందని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

ఇంకొక సంగతి. మా హర్షిణి నిన్న కాలేజీ నుంచి వచ్చి తన ఫోన్‌లో మన కప్పుల పేజీ చూపించింది. "కాకినాడ అమ్మమ్మ చేతి ఖుబానీ" అని పెద్ద అక్షరాలతో ఉంది. పక్కన ఎవరో ముసలమ్మ బొమ్మ. పిల్ల నన్ను, "అమ్మా, నువ్వు కాకినాడ అమ్మమ్మవా?" అని అడిగింది. మీ బావగారు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మీ అమ్మమ్మ ఎప్పుడైనా ఖుబానీ పండు చూసిందా జయంతి?

భూలక్ష్మి

గచ్చిబౌలి,
జూన్ 14.

అక్కకు,

మా అమ్మమ్మ ఖుబానీ చూడలేదు. ఒప్పుకుంటున్నాను. ఆ పేజీ నడిపే నవ్య అనే అమ్మాయి రాసిందది. మూసాపేట అని రాద్దామంటే, "మూసాపేట అంటే జనానికి ట్రాఫిక్ గుర్తొస్తుంది మేడమ్, అమ్మమ్మ అంటే నోరూరుతుంది" అంది. నాకు నవ్వొచ్చి సరే అన్నాను. అది చూస్తే నీకెలా ఉంటుందో ఆలోచించలేదు. నిన్ననే తీయించేశాను. ఆ స్థలంలో నీ పేరే పెట్టమన్నాను, ఊరితో సహా.

ఇప్పుడు కోపం పక్కన పెట్టి ఇది చదువు. రాయదుర్గం మెట్రో పక్కనున్న టవర్‌లో ఒక కంపెనీ ఉంది. ఆగస్టు మొదటి వారంలో వాళ్ల వార్షికోత్సవం. మూడు వందల యాభై కప్పులు కావాలట. మనం ఇప్పటిదాకా ఒక్క రోజున అరవై దాటలేదు. ఇది బాగా వెళ్తే ఆ టవర్‌లోని మిగతా కంపెనీలకు కూడా మనమే ఇవ్వొచ్చు. నాకు మళ్లీ ఎక్కడా ఇంటర్వ్యూలకు తిరగాలని లేదక్కా. నలభై మూడేళ్లొచ్చాయి. పోయిన నెల ఒక చోట పాతికేళ్ల అబ్బాయి నన్ను, "మీరు కొత్తవి నేర్చుకోగలరా" అని అడిగాడు.

ఆర్డర్ సంగతి చూసేది జశ్వంత్ అనే అతను. నాలుగు రోజుల్లో ఆరుసార్లు మాట మార్చాడు. ముందు గాజు కప్పులన్నాడు, తర్వాత కాగితం కప్పులన్నాడు, ఆ తర్వాత చెంచాలు చెక్కవి కావాలన్నాడు. మీగడ మీద కంపెనీ గుర్తు వస్తుందా అని అడిగాడు. నాకు రాదని చెప్పాను. "ట్రై చేయండి మేడమ్, ప్లీజ్" అన్నాడు. మీగడ వినదు బాబూ అని చెప్పాల్సి వచ్చింది.

వచ్చే శుక్రవారం రుచి చూడటానికి పది కప్పులు పంపాలి. దయచేసి ఈసారి తీపి తగ్గించు.

జయంతి

మూసాపేట,
జూన్ 19.

జయంతికి,

తగ్గించాను. డబ్బా నిలువుగా పట్టుకొమ్మని రాములుకు చెప్పాను, వింటాడో లేదో.

పేజీ హర్షిణి చూపించింది. నా పేరులో భకు ఒత్తు తీసేశారు. బూలక్ష్మి అని ఉంది.

భూలక్ష్మి

గచ్చిబౌలి,
జూన్ 20.

శ్రీమతి భూలక్ష్మి గారికి,

నిన్న జశ్వంత్, ఆయన పైఅధికారి, ఇంకో ముగ్గురు కూర్చుని మీ ఖుబానీ తిన్నారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఇద్దరు ఒక్క చెంచా తిని కప్పు పక్కన పెట్టేశారు. మిగిలిన వాళ్లు మీగడ తిని ఊరుకున్నారు. జశ్వంత్ మర్యాదస్తుడు. "బాగుంది మేడమ్, కానీ ఏదో మిస్సవుతోందండీ" అన్నాడు. మిస్సయినది తీపి. చింతపండు గుజ్జులా ఉంది. కింద రోడ్డు మీదకు వచ్చి నేను తిని చూశాను, అప్పుడు తెలిసింది.

పేజీ మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది. నలుగురిలో నా పరువు తీయాల్సిన పని లేదు. తగ్గించమంటే ఇలా తగ్గిస్తారా? నా మీద పగబట్టి చేశారని అనుకోక ఇంకేమనుకోను?

నల్లగండ్లలో ఒక సెంట్రల్ కిచెన్ ఉంది. ఖుబానీ కొలత ప్రకారం చేసి సీసాల్లో ఇస్తారు. ప్రతిసారీ ఒకే రుచి. ఇకమీదట వాళ్ల దగ్గర తీసుకోవాలనుకుంటున్నాను. మీకూ రోజూ పొద్దున్నే హారన్ బాధ తప్పుతుంది.

జయంతి

మూసాపేట,
జూన్ 23.

జయంతికి,

మీరు, గారు అని రాశావు. మూడు రోజులు ఆ కాగితం మడత పెట్టి పప్పుల డబ్బా కింద ఉంచాను. జవాబు రాయకూడదనుకున్నాను. కానీ పగబట్టి వండానన్న మాట మాత్రం నీ దగ్గర ఉండనివ్వను.

మార్చిలో నాకు కళ్లు తిరిగితే బస్తీ దవాఖానకు వెళ్లాను. రక్తం చూశారు. పరగడుపునే షుగర్ రెండు వందల తొంభై ఉంది. డాక్టరమ్మ, "అమ్మా, తీపి ముట్టుకోవద్దు, ఒక్క చెంచా కూడా" అంది. మా అమ్మకు ఈ జబ్బే. ముందు బొటనవేలు తీశారు, తర్వాత పాదం తీశారు, ఆ తర్వాత ఆమె బతికింది ఎనిమిది నెలలు. కట్లు మార్చింది నేనే. అందుకని ఆ రోజు నుంచి నా నాలుక మీద తీపి పడలేదు. నాలుగో నెల నడుస్తోంది.

రుచి చూడకుండానే వండుతున్నాను జయంతి. రంగు చూస్తాను, ఉడికే చప్పుడు వింటాను, వేళ్ల మధ్య జిగురు చూసి వెంటనే చెయ్యి కడిగేసుకుంటాను. ఉడుకు తప్పలేదు కానీ పండు తియ్యనిదో పుల్లనిదో చూపుకు తెలియదు. మీ బావగారికి గిన్నెలో పెట్టి రుచి చెప్పమంటాను. ఆయన గిన్నె మొత్తం తిని, "మంచిగున్నది" అంటారు. ఒకరోజు చక్కెర వెయ్యకముందే ఇచ్చి చూశాను. అప్పుడు కూడా "మంచిగున్నది" అన్నారు. ఆయన మాట మీద ఏం నమ్మకం పెట్టుకోను?

జబ్బు సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే పొయ్యి ఆర్పిస్తారు. నీకు చెబితే అయ్యో పాపం అని వేరే మనిషిని పెట్టుకుంటావు. ఇరవై రెండేళ్లు ఈ ఇంట్లో అందరి పనులూ చేశాను. నా పని అని చెప్పుకోవడానికి దొరికింది ఇదొక్కటే. దాన్ని వదలడానికి మనసొప్పలేదు.

నల్లగండ్ల వాళ్ల దగ్గరే తీసుకో. రాములును రావద్దని చెప్పు.

భూలక్ష్మి

గచ్చిబౌలి,
జూన్ 24.

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ మీద కోపం పోలేదు. ఇంకా పెరిగింది. రెండు వందల తొంభై పెట్టుకుని రోజూ చక్కెర పొయ్యి ముందు నిలబడ్డావా? నాలుగు నెలలు నేను కస్టమర్లను తిట్టుకుంటూ, వాళ్లకు క్షమాపణలు చెప్పుకుంటూ ఉంటే ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా? చెబితే జాలిపడి మానిపిస్తానట. నన్ను అంత బాగా అర్థం చేసుకున్నావన్నమాట.

సరే, నా సంగతి కూడా రాస్తాను. నువ్వే దాచావని నేను పెద్ద మాటలు మాట్లాడకూడదు. నల్లగండ్ల వాళ్లతో నేను మే నెలలోనే మాట్లాడాను. మనకు గొడవ రాకముందే. వాళ్ల సీసా ఒకటి నా ఫ్రిజ్‌లో అప్పటి నుంచీ ఉంది. నిన్న తెరిచి తిన్నాను. బ్రెడ్డుకు రాసుకునే జామ్‌లా ఉంది. ప్రతిసారీ ఒకే రుచి అన్న మాట నిజమే, ఆ రుచి మాత్రం ఖుబానీది కాదు.

ఇంకొకటి. నీ డబ్బా వచ్చాక నేనెందుకు రుచి చూడలేదు? ఆ మాట నువ్వు అడగలేదు, నన్ను నేనే అడుక్కున్నాను. సంక్రాంతి దాటాక, మొన్న రోడ్డు మీద తిన్నది తప్ప నేను ఒక్క కప్పు కూడా తినలేదక్కా. ఆ వాసనకే విసుగు పుట్టింది. రోజూ మూత తీయడం, నింపడం, మూత పెట్టడం. ఇంతే. నీకు జబ్బు అడ్డం వచ్చింది. నాకేం అడ్డం వచ్చింది?

జశ్వంత్‌కు ఫోన్ చేసి, వండే మనిషికి ఒంట్లో బాగాలేదని చెప్పాను. అబద్ధం కాదు కదా. జూలై పదిన ఇంకోసారి తెమ్మన్నాడు. అదే ఆఖరు. ఇకమీదట రుచి నేను చూస్తాను. ఎలా అన్నది నువ్వే ఆలోచించి చెప్పు. నీ వంట నీకు తెలుసు.

బావగారికి ఈ వారంలో చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి చెబుతాను.

జయంతి

మూసాపేట,
జూన్ 28.

జయంతికి,

నేను చెప్పే అవసరం రాలేదు. నీ ఉత్తరమున్న డబ్బా మీ బావగారి చేతికి అందింది. రాములు గేటు దగ్గర ఆయనకే ఇచ్చి వెళ్లాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు. కాగితం నా చేతికిచ్చి, "నాకెందుకు చెప్పలేదే?" అన్నారు. "నాలుగు నెలలు నన్ను కూసొబెట్టి గిన్నెలు గిన్నెలు తినిపిచ్చినవు. నీ కోసమని తిన్న గని నాకు ఖుబానీ అంటే అసలు ఇష్టం లేదు" అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆ మాట మొదటిసారి విన్నాను. ఆ రోజంతా మా ఇంట్లో టీవీ కూడా పెట్టలేదు.

మర్నాడు నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్లారు. పనిలో పనిగా ఆయనకూ రక్తం చూశారు. రెండు వందల పది. డాక్టరమ్మ ఇద్దరికీ కలిపి ఒకే చీటీ మీద రాసింది, రోజూ గంటసేపు నడవమని. ఇంటికొచ్చాక చక్కెర డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టారు. అంతే.

కాబట్టి నేనొకటి అనుకున్నాను. పండు నాది, తీపి నీది. పండు నానబెట్టడం, గింజ తీయడం, మెత్తగా ఉడికించడం వరకూ ఇక్కడ చేస్తాను. అప్పటిదాకా చక్కెర పని లేదు. చక్కెర ముందే వేస్తే పండు ఉడకదు కూడా. ఆ గుజ్జు డబ్బాలో పంపుతాను. నువ్వు ముందు ఒక చెంచా తిని, పండు తీపో పులుపో చూసుకుని, దాన్ని బట్టి చక్కెర వెయ్యి. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఖుబానీలో అసలు పని అక్కడే ఉంది. అది ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వస్తుందనుకోలేదు.

చక్కెర కొద్దికొద్దిగా వెయ్యి. మంట తగ్గించు. మొదట చిన్న బుడగలు వస్తాయి, గబగబా పగులుతాయి. తర్వాత బుడగ పెద్దదై, నిదానంగా లేచి, బుడుక్కుమని పగులుతుంది. అప్పుడు నువ్వు ఫోన్ వైపు చూడకూడదు. కంచంలో ఒక చుక్క వేసి వేలితో గీత గీయి. గీత మూసుకోకపోతే దించెయ్యి. ఆఖరున నాలుగు చుక్కలు నిమ్మరసం.

నాలుగు నెలలు నాలుక లేకుండా వండితే ఈ చప్పుడు తేడాలు తెలిశాయి. అంతకుముందు నాకూ తెలియవు.

భూలక్ష్మి

గచ్చిబౌలి,
జూలై 11.

అక్కా,

మొదటి రోజు మాడింది. ఫోన్ వైపు చూడొద్దన్నావు, చూశాను. ఒకావిడ కప్పు ఫొటోలో ఉన్నంత పెద్దగా లేదని ఫొటో పక్కన స్కేలు పెట్టి పంపింది. ఆమెకు జవాబు రాసేలోగా అడుగంటింది. సీతారామయ్య గారు మాడు వాసనకు మూడు అంతస్తులు దిగి వచ్చి, "ఏమ్మా, సంఘానికి ఫైర్ ఇంజన్ ఖర్చు కూడానా?" అన్నారు. రెండో రోజు గట్టిపడి గరిటె నిలబడింది. మూడో రోజు నువ్వు చెప్పిన బుడుక్కు వినబడింది. ఫోన్ బెడ్‌రూమ్‌లో పెట్టి తలుపేసి వచ్చాక.

పొయ్యి ముందు నిలబడి, ఒక చెంచా తిన్నాను. చల్లారాక ఇంకొకటి. తర్వాత కప్పు నిండా పెట్టుకుని బాల్కనీలో కూర్చుని తినేశాను. ఇన్నాళ్లూ నేనేం అమ్ముతున్నానో నాకే తెలియదక్కా.

నిన్న రాయదుర్గంలో ఐదుగురూ తిన్నారు. జశ్వంత్ రెండో కప్పు తీసుకున్నాడు. ఆర్డర్ మనదే. ఆగస్టు ఆరున, గురువారం. అతను లిఫ్ట్ దాకా వచ్చి, "మేడమ్, మూడు వందల యాభై కాదు, మూడు వందల ఎనభై" అన్నాడు. ఇంటికొచ్చేసరికి మూడు వందల అరవై అని మెసేజ్ పెట్టాడు. ఆరో తేదీలోగా ఇంకెన్ని అంకెలు వింటానో.

నువ్వు మందులు వేసుకుంటున్నావా? నడుస్తున్నారా? ఈ రెండింటికీ జవాబు రాయకుండా ఖుబానీ గురించి రాయకు.

జయంతి

మూసాపేట,
ఆగస్టు 8.

చెల్లె జయంతికి,

మందులు వేసుకుంటున్నాను. పొద్దున నూట నలభై రెండు ఉంది. మీ బావగారికి నూట ముప్పై. నాకంటే తక్కువ వచ్చిందని రెండు రోజులుగా మురిసిపోతున్నారు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మొన్న గురువారం మీ బావగారు, "రోజూ ఈ గల్లీలనే ఏం నడుస్తం, నడు రాయదుర్గం పోదాం" అన్నారు. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, అక్కడ దిగాం. అంత ఎత్తు కట్టడాలు మెడ వెనక్కి వంచి చూడాల్సి వచ్చింది. నువ్వు చెప్పిన టవర్ వెతుక్కుంటూ వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కార్డు అడిగాడు. మీ బావగారు, "లోపల తింటున్నది మా ఇంటి ఖుబానీనే తమ్మీ, జర దూరం నుంచి చూసి పోతం" అన్నారు. అతను లోపలికి రానివ్వలేదు కానీ పొమ్మని కూడా అనలేదు. కింది హాలుకు అద్దాల గోడ ఉంది కదా, దాని పక్కన చెట్టు నీడలో నిలబడనిచ్చాడు.

నువ్వు కనిపించావు. బల్ల వెనక నిలబడి కప్పులు అందిస్తున్నావు. జుట్టు రేగిపోయి ఉంది. ఎవరితోనో ఏదో గట్టిగా చెబుతున్నావు, అతనే జశ్వంత్ అనుకున్నాను. పిలవాలనిపించలేదు.

అద్దానికి ఇవతల నా దగ్గరగా ఒక పిల్ల నిలబడి తింటోంది. మన హర్షిణి కంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. మెడలో కార్డు, చంకలో కంప్యూటర్ సంచి. కప్పు చూడకుండా ఫోన్ చూస్తూ తింటోంది. కొంతసేపటికి ఫోన్ సంచిలో వేసేసింది. అంతా అయిపోయాక వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. కప్పు పక్కకు వంచి, ఆ చెక్క చెంచాతో అడుగంతా గీకింది. అంచులు గీకింది. చెంచా నోట్లో పెట్టుకుని అలాగే కాసేపు నిలబడింది.

మీ బావగారు, "ఏమైందే, గిట్ల చూస్తున్నవు?" అని అడిగారు. తీపి సరిపోయింది అని చెప్పాను.

రేపు ఆరు కిలోల పండు నానబెడుతున్నాను. ఈసారి లాటు పుల్లగా ఉంటుందని షావుకారు చెప్పాడు, చూసి వేసుకో. ఖాళీ డబ్బాలు సరిగ్గా కడిగి పంపు. నిన్న వచ్చిన మూడింటికీ మూత అంచున పాకం గట్టిపడి ఉంది, గోటితో గీకలేక చచ్చాను.

భూలక్ష్మి